తప్పు కుర్రాడిదా, కోచ్ పద్ధతిదా? అమెరికా కాలేజీ క్వార్టర్‌బ్యాక్‌ల మీద తెగని పంచాయితీ

2010లో మిషిగన్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు 7 ఆటలు గెలిచి 6 ఓడిపోయింది. మరుసటి ఏడు 11 గెలిచి రెండే ఓడింది. రెండేళ్ళూ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) ఒక్కడే, డెనార్డ్ రాబిన్సన్. గెలుపులు పెరిగాయి కాబట్టి రెండో ఏడు అతను ఇంకా బాగా ఆడి ఉంటాడనుకుంటాం. లెక్కలు తీస్తే సంగతి తారుమారు. 2010లో అతను విసిరిన ప్రతి 26 బంతుల్లో ఒకటి ప్రత్యర్థికి చిక్కితే, 2011లో ప్రతి 17కీ ఒకటి చిక్కింది. సరిగ్గా చేరిన పాస్‌లు 62.5 శాతం నుంచి 55కి పడ్డాయి. అతని పరుగు 1,702 గజాల నుంచి 1,176కి తగ్గింది. మధ్యలో మారింది కోచ్, కోచ్‌తో పాటు ఆడే పద్ధతి.

దీని మీద మిషిగన్ అభిమానులు రెండు వర్గాలు. అతనికి అసలు విసరడం రాదు, పాత కోచ్ పద్ధతి ఆ లోపాన్ని కప్పి ఉంచింది అని ఒక వర్గం. చక్కగా ఆడుతున్నవాడిని తెచ్చి పనికిరాని పద్ధతిలో ఇరికించారు అని రెండో వర్గం. ఇలాంటి వాదన ప్రతి చలికాలం ఏదో ఒక యూనివర్సిటీలో మొదలవుతుంది. సీజన్ అయిపోగానే ఆటగాళ్ళు ఒక కాలేజీ వదిలి ఇంకో కాలేజీకి పేరు నమోదు చేసుకునే ‘ట్రాన్స్‌ఫర్ పోర్టల్’ 2018లో వచ్చింది. 2021 నుంచి మొదటిసారి మారేవాడు ఏడాది ఖాళీగా కూర్చోవాల్సిన పని కూడా పోయింది. దాంతో ‘వీడు ఇక్కడ ఎందుకు తేలిపోయాడు, అక్కడ ఎందుకు వెలిగాడు’ అన్న ప్రశ్న ఏటా వందల మంది మీద పడుతోంది. ఎమ్మెస్‌కి వెళ్ళిన మన పిల్లలకి కూడా మొదటి సెప్టెంబరులోనే ఈ గోల పరిచయమవుతుంది. మిషిగన్ ఉండే ఆన్ ఆర్బర్‌లో స్టేడియం సీట్లే 1,07,601. శనివారం ల్యాబ్‌లో కూర్చున్నా ఆ హోరు నుంచి తప్పించుకోలేరు.

సిస్టమ్ అంటే ప్లేల పుస్తకం ఒక్కటే కాదు

ముందు పదాలు. దాడి చేసే జట్టులో 11 మంది ఉంటారు. నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకి జరగాలి. జరిగితే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు వస్తాయి. ఒక్కో ప్రయత్నాన్ని ప్లే అంటారు. మధ్యలో వంగి ఉన్న సెంటర్ కాళ్ళ సందులోంచి బంతిని వెనక్కి అందిస్తాడు. దాదాపు ప్రతిసారీ దాన్ని అందుకునేది క్వార్టర్‌బ్యాక్. అతను పక్కనున్న రన్నింగ్ బ్యాక్‌కి ఇవ్వొచ్చు, దూరంగా ఉన్న రిసీవర్‌కి విసరొచ్చు, తానే పరిగెత్తొచ్చు. విసిరింది ప్రత్యర్థి పట్టుకుంటే ఇంటర్‌సెప్షన్. విసరకముందే అతన్ని పడేస్తే శాక్.

ఏ ప్లే ఎప్పుడు ఆడాలో చెప్పేది అఫెన్సివ్ కోఆర్డినేటర్. అతను పట్టుకొచ్చే పద్ధతే సిస్టమ్. క్వార్టర్‌బ్యాక్ ఎక్కడ నిలబడాలి, ఎన్ని అడుగులు వెనక్కి వేయాలి, ముందు ఎవరిని చూడాలి, ముందు నిలబడి ప్రత్యర్థుల్ని అడ్డుకునే లైన్‌లో ఎంత బరువున్న మనుషులు కావాలి, ప్లే పేరు ఏ భాషలో పిలవాలి అన్నవన్నీ అందులో భాగమే. ఒకటి మారితే మిగతావి కూడా కదులుతాయి.

మిషిగన్‌లో 2008 నుంచి 2010 వరకు కోచ్ రిచ్ రోడ్రిగెజ్ ఆడించింది స్ప్రెడ్ పద్ధతి, అంటే ఆటగాళ్ళని మైదానం వెడల్పంతా పరిచేది. అందులో మూలమైన ప్లే జోన్ రీడ్. క్వార్టర్‌బ్యాక్ సెంటర్‌కి సుమారు 5 గజాల వెనక, షాట్‌గన్‌లో నిలబడతాడు. లైన్‌లో ఉన్నవాళ్ళంతా ఒక పక్కకి అడ్డుకుంటూ పోతారు కానీ, అవతలి చివర ఉన్న ప్రత్యర్థిని, డిఫెన్సివ్ ఎండ్‌ని, కావాలనే వదిలేస్తారు. క్వార్టర్‌బ్యాక్ బంతిని రన్నింగ్ బ్యాక్ పొట్ట దగ్గర పెడతాడు కానీ వదలడు. చూపంతా ఆ ఎండ్ భుజాల మీదే. ఎండ్ లోపలికి, రన్నింగ్ బ్యాక్ మీదికి దూకితే బంతిని లాగేసుకుని అతను ఖాళీ చేసిన చోటి నుంచే పరిగెత్తుతాడు. ఎండ్ కదలకుండా నిలబడితే బంతి వదిలేస్తాడు. అంటే అడ్డుకోకుండానే ఒక మనిషిని ఆటలోంచి తీసేసినట్టు. రాబిన్సన్ లాంటి మెరుపు వేగం ఉన్నవాడు అలా బంతి లాగేస్తాడన్న భయం ఉంటే వెనక పాస్‌లకి కాపలా కాసే ప్రత్యర్థి సేఫ్టీలు కూడా ముందుకి వచ్చేస్తారు. అప్పుడతను రెండడుగులు పరుగులా వేసి, ఆగి, సేఫ్టీ వదిలేసిన రిసీవర్‌కి బంతి అందిస్తాడు. ఆ రిసీవర్ చుట్టూ ఎవరూ ఉండరు. 2010లో ఇల్లినాయితో 67–65 స్కోరుతో ముగిసిన ఆటలో మిషిగన్ రిసీవర్ రాయ్ రౌండ్‌ట్రీ 246 గజాలు పట్టాడు. సేఫ్టీలని ముందుకి లాగడం ఎంత లాభమో ఆ రోజు అందరికీ తెలిసొచ్చింది.

2011లో బ్రేడీ హోక్ హెడ్ కోచ్ అయ్యాడు, అల్ బోర్జెస్ కోఆర్డినేటర్. బోర్జెస్‌ది వెస్ట్ కోస్ట్ పద్ధతి. అందులో క్వార్టర్‌బ్యాక్ సెంటర్ వెనకే చేతులు పెట్టి బంతి తీసుకుంటాడు. ఐదడుగులు వెనక్కి వేస్తాడు. ఐదో అడుగు నేలకి ఆనేసరికి, సుమారు రెండున్నర సెకన్లలో, మొదటి రిసీవర్ ఖాళీగా ఉన్నాడో లేడో తేల్చాలి. లేకపోతే పాదం చిన్నగా ముందుకి జరిపి రెండోవాడు, ఆ తర్వాత మూడోవాడు. రిసీవర్ ఇంకా మలుపు తిరగకముందే బంతి చేయి దాటాలి. పరుగు నటించి విసిరే ప్లే అయితే దాదాపు ఒక సెకను అతని వీపు ప్రత్యర్థి వైపు ఉంటుంది. తిరిగి చూసేసరికి సేఫ్టీ ఇందాకటి చోట ఉండడు, మళ్ళీ వెతుక్కోవాలి.

ఒకదాంట్లో చూడాల్సింది ఒక్క మనిషిని, అదీ ఎదురుగా. రెండోదాంట్లో ముగ్గురిని, వరసగా, అడుగుల లెక్కతో. క్రికెట్‌లో ‘టీ20 ఆటగాడిని టెస్టుల్లో దింపారు’ అన్నట్టు తేల్చేస్తాం కానీ అక్కడ కనీసం బ్యాట్ పట్టుకునే తీరు మారదు. ఇక్కడ పాదాల దగ్గర్నుంచి మారుతుంది.

మైదానం కొలతలకి కూడా దీంట్లో పాత్ర ఉంది. వెడల్పు 160 అడుగులు. ప్లేకి ముందు బంతి పెట్టే హ్యాష్ గీతల మధ్య దూరం కాలేజీలో 40 అడుగులు. ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలే. కాలేజీలో బంతి ఒక గీత మీద ఉంటే ఒక పక్క 60 అడుగులు, ఇంకో పక్క 100 అడుగుల ఖాళీ. అదే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో వెడల్పు పక్క 89 అడుగులకి కాస్త పైన. వేగం ఉన్నవాడికి ఆ అదనపు 11 అడుగులు వరం. స్ప్రెడ్ కాలేజీల్లో పుట్టి పెరిగిందంటే ఇదొక కారణం.

పొంతన కుదరనప్పుడు ఏం చెడిపోతుంది

అభిమానులు సాధారణంగా ఎన్ని ఇంటర్‌సెప్షన్లు అని లెక్కపెడతారు. ఏ రకం తప్పు జరిగింది అన్నది అంతకన్నా ఎక్కువ చెబుతుంది.

మొదట పాదాలు. షాట్‌గన్‌లో అలవాటైనవాడు సెంటర్ వెనక నుంచి ఐదడుగులు వేసినప్పుడు చివరి అడుగు కుదరదు. బరువు వెనక కాలి మీద ఉండగానే విసురుతాడు. బంతి తేలిపోతుంది, రిసీవర్ వెనక పడుతుంది. ఒకే తీరులో ఎత్తుగా పోయే పాస్‌లు కనిపిస్తే అనుమానించాల్సింది చేతిని కాదు, కాళ్ళని. తర్వాత చూపు. మొదటి రిసీవర్ మూసుకుపోయాక అతని మీదే ఇంకో క్షణం కళ్ళు నిలబడితే సేఫ్టీ ఆ చూపుని చదివేసి అటే వస్తాడు. ఇక మూడోది, పారిపోవడం. లైన్ ఇంకా నిలబడే ఉన్నా ఇతను బయటికి పరిగెత్తి శాక్ తెచ్చుకుంటాడు. పరిగెత్తేవాడిని నిలబెట్టి విసిరిస్తే ఇవి వస్తాయి. నిలబడి విసిరేవాడిని జోన్ రీడ్‌లో పెడితే వచ్చే రోగం వేరు: ఎండ్ అతన్ని లెక్కే చేయడు. ‘వీడు పరిగెత్తడులే’ అని నేరుగా రన్నింగ్ బ్యాక్ మీద పడతాడు. ఇంటర్‌సెప్షన్ల పట్టికలో క్వార్టర్‌బ్యాక్ తప్పు ఎక్కడా కనపడదు. జట్టు పరుగు మాత్రం ఆగిపోతుంది.

క్వార్టర్‌బ్యాక్ ఒక్కడికే కాదు, మిగతా పది మందికీ ఈ చిక్కే. స్ప్రెడ్ కోసం తీసుకున్న లైన్‌మెన్ తేలిగ్గా, చురుగ్గా ఉంటారు. వాళ్ళని ఎదురుగా నెట్టి దారి చేయమంటే కష్టం. రన్ ఆట కోసం తెచ్చుకున్న రిసీవర్లు అడ్డుకోవడంలో దిట్టలు, బంతి పట్టడంలో కాదు. కాబట్టి ‘రిసీవర్ వదిలేశాడు’, ‘లైన్ నిలబడలేదు’ అన్న సాకులు కూడా చాలాసార్లు ఆ సిస్టమ్ మార్పులోంచే పుట్టినవి.

నేర్చుకోడానికి సమయం ఉందా అంటే తక్కువ. సీజన్‌లో వారానికి 20 గంటలకి మించి సాధన చేయించకూడదని కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ నియమం. వసంతంలో 15 సాధనలు. కొత్త భాష, కొత్త పాదాలు, కొత్త చూపు అన్నీ అందులోనే. క్వార్టర్‌బ్యాక్ బో నిక్స్ ఆబర్న్‌ యూనివర్సిటీలో మూడేళ్ళు ఆడితే మూడేళ్ళకీ ముగ్గురు కోఆర్డినేటర్లు: 2019లో కెన్నీ డిల్లింగమ్, 2020లో చాడ్ మోరిస్, 2021లో మైక్ బోబో. అతనికి తప్పుడు సిస్టమ్ దొరికిందనడం కన్నా ఏ సిస్టమూ దొరకలేదనడమే సబబు.

అంకెలు ఏం దాస్తాయి

కాలేజీ పాసింగ్ రేటింగ్ సూత్రం సులువే. గజాలని 8.4తో, టచ్‌డౌన్‌లని (బంతి ప్రత్యర్థి చివరి గీత దాటితే వచ్చే స్కోరు) 330తో, చేరిన పాస్‌లని 100తో గుణించి కలపాలి. ఇంటర్‌సెప్షన్లని 200తో గుణించి అందులోంచి తీసేయాలి. వచ్చినదాన్ని మొత్తం విసిరిన పాస్‌లతో భాగించాలి.

రాబిన్సన్ 2010: 291 పాస్‌లు, 182 చేరాయి, 2,570 గజాలు, 18 టచ్‌డౌన్‌లు, 11 ఇంటర్‌సెప్షన్లు. అంటే 21,588 + 5,940 + 18,200 − 2,200 = 43,528. 291తో భాగిస్తే 149.6.

2011: 258 పాస్‌లు, 142 చేరాయి, 2,173 గజాలు, 20 టచ్‌డౌన్‌లు, 15 ఇంటర్‌సెప్షన్లు. 18,253 + 6,600 + 14,200 − 3,000 = 36,053. భాగిస్తే 139.7.

పది పాయింట్లు తగ్గింది. కొంపలు మునిగినంత కాదు అనిపిస్తుంది. కానీ ఈ సూత్రం ఎక్కడ మోసపోతుందో చూడాలంటే 2011 సెప్టెంబరు 10న నోటర్ డేమ్‌తో రాత్రి ఆట ఒక్కటి తీసుకుంటే చాలు. రాబిన్సన్ 24 విసిరితే 11 చేరాయి, 3 ప్రత్యర్థికి చిక్కాయి. సగానికి పైగా వృథా. కానీ 338 గజాలు, 4 టచ్‌డౌన్‌లు. రేటింగ్ 194. మిషిగన్ 35–31తో చివరి రెండు సెకన్లుండగా గెలిచింది. ఆట చూసినవాళ్ళకి గుర్తుండేది గాల్లోకి ఎగరేసిన బంతుల్ని రిసీవర్లు ప్రత్యర్థుల తలల మీదుగా లాక్కోవడం. ‘చూశారా, కొత్త పద్ధతిలో కూడా ఎలా విసురుతున్నాడో’ అన్నవాళ్ళు ఆ 194ని చూపించారు. ‘ఇది నాలుగు వారాలు నిలబడదు’ అన్నవాళ్ళు 11/24 చూపించారు. అక్టోబరు 15న మిషిగన్ స్టేట్‌తో 24లో 9 మాత్రమే చేరాయి. 28–14 ఓటమి. ఆ ఆట చివర్లో 7 పాయింట్లు వెనకబడి, నాలుగో ప్రయత్నంలో ఒక్క గజం కావాల్సిన చోట, మెరుపు వేగంతో పరిగెత్తే క్వార్టర్‌బ్యాక్ చేత పరుగు నటించి పాస్ విసిరించాలని చూశారు. శాక్ అయ్యాడు. బోర్జెస్ మీద కోపానికి అభిమానులు ఇప్పటికీ ఎత్తి చూపేది ఆ ప్లేనే. నా మటుకు ఆ కోపం న్యాయమైనదే.

ఇంకో మెలిక శాక్‌ల లెక్క. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో శాక్ గజాలని జట్టు పాసింగ్ లెక్కలోంచి తీస్తారు. కాలేజీలో క్వార్టర్‌బ్యాక్ పరుగులోంచి తీస్తారు. ఒకడు 10 సార్లు పరిగెత్తి 60 గజాలు సాధించి, 4 శాక్‌లలో 32 గజాలు పోగొట్టుకున్నాడనుకోండి. కాగితం మీద 14 పరుగులు, 28 గజాలు. సగటు 6 నుంచి 2కి పడింది. ‘వీడికి పరుగు రాదు’ అని తీర్పిచ్చేవాడు నిజానికి చూస్తున్నది బలహీనమైన లైన్‌ని.

ఇక గెలుపోటములు. 2010లో మిషిగన్ ఆటకి సగటున 35.2 పాయింట్లు ఇచ్చింది. 2011లో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు బాల్టిమోర్ రేవెన్స్ నుంచి వచ్చిన గ్రెగ్ మాటిసన్ డిఫెన్స్ చేపట్టాక అది 17.4కి దిగింది. దాడి వైపు సాధించింది మాత్రం 32.8 నుంచి 33.3. అంటే 7–6ని 11–2గా మార్చింది డిఫెన్స్. క్వార్టర్‌బ్యాక్ పేరు పక్కన గెలుపోటములు రాసే అలవాటు ఈ ఆటలో పాతదే కానీ, సిస్టమ్ వాదనలో దాన్ని సాక్ష్యంగా పెట్టుకుంటే దారి తప్పుతాం.

అదే 2011లో ఫ్లోరిడాలో సరిగ్గా దీనికి అద్దంలో బొమ్మ కనిపిస్తుంది. జాన్ బ్రాంట్లీ నిలబడి విసిరేవాడు. 2010లో స్టార్ క్వార్టర్‌బ్యాక్ టిమ్ టీబో వెళ్ళిపోయాక కోచ్ అర్బన్ మయర్ పరుగు స్ప్రెడ్‌లో బ్రాంట్లీని పెట్టారు. పరుగు కోసం ట్రే బర్టన్‌నీ జోర్డన్ రీడ్‌నీ మధ్యమధ్య దింపేవారు. బ్రాంట్లీ 329 పాస్‌లకి 2,061 గజాలు, 9 టచ్‌డౌన్‌లు, 10 ఇంటర్‌సెప్షన్లు. మయర్ పోయి విల్ మస్‌చాంప్ వచ్చాడు. చార్లీ వైస్ కోఆర్డినేటర్‌గా బ్రాంట్లీకి తగిన ప్రో (ఎన్‌ఎఫ్‌ఎల్ తరహా) పద్ధతి తెచ్చాడు. 2011లో 240 పాస్‌లకే 2,044 గజాలు, 11 టచ్‌డౌన్‌లు, 7 ఇంటర్‌సెప్షన్లు. పాస్‌కి 6.3 గజాల నుంచి 8.5కి. కానీ జట్టు 8–5 నుంచి 7–6కి జారింది, మధ్యలో అలబామా ఆటలో అతని చీలమండ దెబ్బతింది. రెండేళ్ళనీ కలిపి ‘టీబో తర్వాత వచ్చిన విఫలుడు’ అన్న ఒక్క మాటలో కుక్కేశారు. మిషిగన్‌లో పద్ధతి కుదరని ఏడు గెలుపులు పెరిగాయి, ఫ్లోరిడాలో కుదిరిన ఏడు తగ్గాయి. అభిమానుల జ్ఞాపకం మాత్రం రెండు చోట్లా గెలుపుల వెంటే పోయింది.

సాక్ష్యం ఎంత గట్టిది: నాలుగు రకాల కేసులు

అన్నిటికన్నా శుభ్రమైన కేసు నెబ్రాస్కా 2004. దశాబ్దాలుగా ఆప్షన్ పరుగు (క్వార్టర్‌బ్యాక్ తానే పరిగెత్తాలా, బంతి ఇంకొకరికి ఇవ్వాలా అని అప్పటికప్పుడు తేల్చుకునే పద్ధతి) మీద బతికిన జట్టు. 2003 సీజన్‌లో 9 గెలిచిన ఫ్రాంక్ సోలిచ్‌ని తీసేసి, ఎన్‌ఎఫ్‌ఎల్ నుంచి బిల్ కాలహన్‌ని తెచ్చారు. అతను వెస్ట్ కోస్ట్ పద్ధతి పెట్టాడు. ఆప్షన్ కోసం చేరిన జో డేలీ దాన్ని నడపాల్సి వచ్చింది. 17 టచ్‌డౌన్‌లు, 19 ఇంటర్‌సెప్షన్లు. టెక్సస్ టెక్ చేతిలో 70–10. 5–6తో 1961 తర్వాత మొదటిసారి ఓటములు ఎక్కువైన సీజన్. వరసగా 35 ఏళ్ళు ఆడిన బౌల్ ఆట (సీజన్ చివర మంచి జట్లకి దక్కే ఆట) కూడా పోయింది. మరుసటి ఏడు కోచ్ తన పద్ధతికి సరిపడే జాక్ టేలర్‌ని కాన్సస్‌లోని ఒక జూనియర్ కాలేజీ నుంచి తెచ్చుకున్నాడు. 2006లో టేలర్ బిగ్ 12 కాన్ఫరెన్స్‌లో (కాలేజీ జట్ల కూటమి) దాడి విభాగపు ఉత్తమ ఆటగాడు. కోచ్ అదే, పద్ధతి అదే, సరిపోయే మనిషి వచ్చాడు. డేలీ పనికిరానివాడని దీన్నిబట్టి చెప్పలేం. ఆ పనికి తీసుకున్నవాడు కాదని మాత్రం చెప్పొచ్చు.

రెండో రకం, గాయం కలిసిపోయిన కేసు. ఆబర్న్ 2008లో కోఆర్డినేటర్ టోనీ ఫ్రాంక్లిన్ స్ప్రెడ్ తెచ్చాడు. మిగతా దాడి కోచ్‌లు పాతవాళ్ళే. ఆరు ఆటలయ్యేసరికి ఫ్రాంక్లిన్‌ని పంపేశారు. జట్టు 5–7. మధ్యలో మిసిసిపీ స్టేట్‌ని 3–2తో గెలిచిన ఆట ఉంది. అవును, మూడు–రెండు, బేస్‌బాల్ స్కోరు కాదు. క్వార్టర్‌బ్యాక్ క్రిస్ టాడ్‌ని అందరూ తిట్టారు. 2009లో గస్ మల్జాన్ ఇంకో రకం స్ప్రెడ్ పెట్టాడు, టాడ్ 22 టచ్‌డౌన్‌లు విసిరి స్కూల్ రికార్డు రాశాడు. సిస్టమ్ మహిమే అనేద్దామా? సీజన్ల మధ్య అతని భుజానికి శస్త్రచికిత్స జరిగింది. భుజం బాగుపడిందా, పద్ధతి బాగుపడిందా అన్నది విడదీయడం కుదరదు. రెండేళ్ళూ పేరుకి స్ప్రెడ్డే కదా అన్నది కూడా గుర్తుంచుకోవాలి. ‘స్ప్రెడ్’ అన్న ఒక్క మాట కింద చాలా వేరువేరు పద్ధతులు ఉంటాయి.

మూడోది, పోటీ స్థాయి మారిన కేసు. క్వార్టర్‌బ్యాక్ జెఫ్ డ్రిస్కెల్ ఫ్లోరిడాలో 2014లో తేలిపోయి, 2015లో లూయిజియానా టెక్‌కి వెళ్ళి 4,033 గజాలు, 27 టచ్‌డౌన్‌లు, 8 ఇంటర్‌సెప్షన్లు సాధించాడు. ఫ్లోరిడా కోచ్‌లే ముంచారని వెంటనే అనేశారు. కానీ అతను ఎస్‌ఈసీ అనే గట్టి కూటమి నుంచి కాన్ఫరెన్స్ యూఎస్‌ఏ అనే కూటమికి వెళ్ళాడు; ఎదురుగా ఉన్న డిఫెన్స్‌లు ఒక మెట్టు కిందివి. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్ళని వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2016లో శాన్ ఫ్రాన్సిస్కో అతన్ని ఆరో రౌండ్‌లో తీసుకుంది కాబట్టి ప్రతిభ లేదనలేం. 27 టచ్‌డౌన్‌లు మొత్తం సిస్టమ్ ఖాతాలో వేయడం మాత్రం దండగ.

నాలుగోది అన్నీ కలిసి మారినవి. జో బరో ఎల్‌ఎస్‌యూలో 2018లో 57.8 శాతం, 16 టచ్‌డౌన్‌లు. 2019లో 76.3 శాతం, 60 టచ్‌డౌన్‌లు, 15–0, ఏటా ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ. హెడ్ కోచ్ ఎడ్ ఓర్జరాన్, కోఆర్డినేటర్ స్టీవ్ ఎన్స్‌మింగర్ ఇద్దరూ అలాగే ఉన్నారు. న్యూ ఆర్లియన్స్ సెయింట్స్ నుంచి జో బ్రేడీ వచ్చి పాసింగ్ పద్ధతి మార్చాడు. ‘సిస్టమ్ వల్లే’ అనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. అయినా రిసీవర్లు జమార్ చేజ్, జస్టిన్ జెఫర్సన్ అదే ఏడాది విజృంభించారు, బరోకి రెండో ఏడు అనుభవం వచ్చింది. నిక్స్ కూడా అంతే. ఆబర్న్‌లో 57.6, 59.9, 61 శాతం. ఒరెగాన్‌లో 2022లో 71.9, 2023లో 77.4, 45 టచ్‌డౌన్‌లు. ఒరెగాన్ లైన్ 2022 మొత్తంలో ఇచ్చిన శాక్‌లు 5. ఆబర్న్‌లో అతనికున్న చెడ్డ అలవాటు, లైన్ విరగకముందే పారిపోవడం. పారిపోవాల్సిన అవసరమే లేనిచోట ఆ అలవాటు మానిందంటే అది కోచ్ నేర్పా, లైన్ పుణ్యమా, మొత్తం 61 ఆటలు మొదలుపెట్టిన ఐదేళ్ళ అనుభవమా? 2022లో ఒరెగాన్ కోఆర్డినేటర్ 2019లో ఆబర్న్‌లో ఉన్న డిల్లింగమ్మే అన్నది గుర్తొస్తే సిస్టమ్ వాదన ఇంకాస్త తడబడుతుంది.

కోచ్ పక్షం, అభిమాని పక్షం

కోచ్ తన ఆటగాడికి తగ్గట్టు మారాలి కదా అన్నది సహజంగా వచ్చే మాట. కోచ్‌ల జవాబు కూడా కొట్టిపారేసేది కాదు. వాళ్ళు పదిహేనేళ్ళుగా నేర్పిన పద్ధతిలో ఏ తప్పు ఎక్కడ పుడుతుందో వాళ్ళకి తెలుసు. పరాయి పద్ధతి తెచ్చి పెడితే ప్లే చెడినప్పుడు సరిచేయడం చేతకాదు. ఇంకో ఏడాదిలో పోయే కుర్రాడి కోసం మొత్తం జట్టుని మార్చుకుంటే, వాడు పోయాక మళ్ళీ మార్చాలి. బోర్జెస్ మధ్యేమార్గం పట్టాడు. కొన్ని ప్లేలు షాట్‌గన్, కొన్ని సెంటర్ వెనక. చాలామంది విశ్లేషకులకి అదే అన్నిటికన్నా చెడ్డ దారి, ఎందుకంటే లైన్ రెండూ సగంసగం నేర్చుకుంటుంది. ఆ మాటలో నిజముంది కానీ, పూర్తిగా మారి ఉంటే రాబిన్సన్ ఇంకా ఘోరంగా ఆడేవాడేమో కూడా ఆలోచించాలి.

ఇదే మిషిగన్‌లో మూడేళ్ళ ముందు ఎదురు దిశలో జరిగింది. రోడ్రిగెజ్ రాగానే నిలబడి విసిరే ర్యాన్ మాలెట్ ఆర్కన్సాకి వెళ్ళిపోయాడు. అక్కడ 2010లో 3,869 గజాలు, 32 టచ్‌డౌన్‌లు. మిషిగన్‌లో మిగిలినవాళ్ళతో రోడ్రిగెజ్ 2008లో 3–9. ఆ రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టి ‘కోచ్ మూర్ఖత్వం’ అనేవాళ్ళు, రోడ్రిగెజ్ పద్ధతి లేకపోతే రాబిన్సన్ అన్నవాడు క్వార్టర్‌బ్యాక్‌గా అసలు మనకి తెలిసేవాడే కాదేమో అన్నది మర్చిపోతారు.

అభిమానులు పడే ఇంకో తప్పటడుగు రెండు తూకాలు వాడటం. ఓడితే సిస్టమ్ తప్పు అంటారు. ఇంకో జట్టువాడు వెలిగితే ‘వాడు సిస్టమ్ క్వార్టర్‌బ్యాక్’ అని తీసిపారేస్తారు. మైక్ లీచ్ కోచ్‌గా ఉన్న కాలంలో టెక్సస్ టెక్ క్వార్టర్‌బ్యాక్‌లందరికీ ఈ ముద్ర పడింది. బీజే సైమన్స్ 2003లో 5,833 గజాలు విసిరితే ఎన్‌ఎఫ్‌ఎల్ ఏడో రౌండ్‌లో తీసుకుంది. అదే కాలేజీ నుంచి తర్వాత వచ్చి ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మేటి అయిన పాట్రిక్ మహోమ్స్‌నీ కొందరు అదే మాటతో కొట్టేశారు. పద్ధతి మంచి ఆటగాడి లోపాన్ని దాస్తుందని ఒప్పుకుంటే, ఇంకో పద్ధతి అతని బలాన్ని దాస్తుందని కూడా ఒప్పుకోవాలి. దీన్ని ఒక్క పక్కకే వాడేవాడు ఆట గురించి కాదు, తన జట్టు గురించి మాట్లాడుతున్నట్టు.

పోర్టల్ ఇంకో చూపు దోషం తెచ్చింది. కాలేజీ మారి వెలిగినవాళ్ళ పేర్లు అందరికీ నోటికొస్తాయి. మారి, అక్కడా బెంచీ మీద కూర్చున్నవాళ్ళని ఎవరూ లెక్కపెట్టరు. కాబట్టి ‘మారితే బాగుపడతాడు’ అన్నది ఉన్నదానికన్నా పెద్ద నిజంలా కనిపిస్తుంది.

రాబిన్సన్ విషయానికొస్తే, 2012లో నోటర్ డేమ్ చేతిలో 13–6తో ఓడిన ఆటలో 4 ఇంటర్‌సెప్షన్లు. ఆ శరదృతువులోనే నెబ్రాస్కా ఆటలో మోచేతి నరం దెబ్బతిని విసరలేని స్థితికి వచ్చాడు. డెవిన్ గార్డనర్ క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు. రాబిన్సన్ కోసం రోడ్రిగెజ్ పద్ధతే కొనసాగి ఉంటే అనేవాళ్ళకి ఒక చిక్కుంది: 2010లో కూడా, తగిన పద్ధతిలోనే, మిషిగన్ స్టేట్ మీద అతను 3 ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు. 5–0తో మొదలైన ఆ సీజన్ 7–6తో ముగిసింది. పద్ధతి అతని లోపాన్ని పుట్టించలేదు, పెద్దది చేసింది. 26కి ఒకటి 17కి ఒకటి అయింది. 2013 డ్రాఫ్ట్ ఐదో రౌండ్‌లో జాక్సన్‌విల్ జాగ్వార్స్ అతన్ని తీసుకుని రన్నింగ్ బ్యాక్‌గా ఆడించింది. మొదట్లో జాబితాలో అతని స్థానం దగ్గర మామూలు పేరు కూడా రాయలేదు, ‘అఫెన్సివ్ వెపన్’ అని రాశారు. అతనికి విసరడం రాదన్నవాళ్ళు ఆ కాగితాన్నే చూపిస్తారు. రెండేళ్ళు సరైన పద్ధతి దొరక్కే అక్కడిదాకా వచ్చిందన్నవాళ్ళు చూపించేదీ ఆ కాగితమే.